నలభై ఒక్క సున్నాలు

ఆ కోర్సు పేరు బోర్డు మీద రెండు వరుసలు పట్టింది. ‘జీవ సంరక్షణ శాస్త్రం, సుస్థిరాభివృద్ధి - ఉమ్మడి పరిశోధనా కేంద్రం’. రెండో వరుసలో చోటు చాలక పెయింటరు చివరి అక్షరాల్ని బస్సులో జనాన్ని ఇరికించినట్టు ఇరికించాడు. బోర్డు వెనక ఉన్నది రేకుల కప్పు కింద మూడు గదులు, ఒక చెక్క రేవు, రెండు పడవలు, వాటిని నడిపే ఒక సరంగు. ప్రొఫెసర్లు నెలకోసారి వచ్చి వెళతారు. విద్యార్థులు రెండేళ్ళుండి, ఎండకు నల్లబడి, డిగ్రీ పట్టుకుని పోతారు. పదకొండేళ్ళుగా కదలకుండా ఉన్నది సరంగు ఒక్కడే.

ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాడికి యూనివర్సిటీలో ఉద్యోగమంటే మాటలా అని పేటంతా చెప్పుకున్నారు. పేటంటే సరస్సుకు పడమటి గట్టున చేపలు పట్టుకునేవాళ్ళ ఇళ్ళు, అరవై మూడు గడపలు. సరంగూ అక్కడివాడే. ఉద్యోగంలో చేరిన రోజు వాళ్ళ తమ్ముడు మాత్రం వల దులుపుకుంటూ అడిగాడు.

"ఏం చదువట అన్నా అక్కడ?"

"సగం పిట్టల గురించి, సగం మనుషుల గురించి. రెండూ కలిపి చదువుతారు. పిట్టలూ బతకాలి, మనుషులూ బతకాలి. ఎలాగో వీళ్ళు కనిపెడతారు."

"మరి చేపలు?"

"అవి ఎవరి సగంలోకి వస్తాయో నాకూ తెలీదురా."

"అయితే మన సంగతి తేలినట్టే" అన్నాడు తమ్ముడు. ఆ రోజు నుంచి అన్నను ‘సగం డాక్టరు’ అని పిలవడం మొదలుపెట్టాడు. సరంగుకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే లోపల కొంచెం బాగానే అనిపించింది. సగమైతే ఏం, డాక్టరే కదా.

ఎంతమందిని తిప్పాడో ఆ పడవలో. నీళ్ళు చూసి వాంతులు చేసుకున్నవాళ్ళు, పిట్టను చూసి పాట అందుకున్నవాళ్ళు, గెడ లాక్కుని తామే పడవ తోస్తామని బురదలో కూలబడ్డవాళ్ళు. వాళ్ళందరిలో సరంగు ఇంటి మనిషిలా చూసుకున్నది ఒక్క పిట్టలమ్మాయినే. పేరు వేరే ఏదో ఉంది. పేటలో పిల్లలు పెట్టిన పేరు నిలబడిపోయింది. సన్నటి మనిషి. భుజానికి ఎప్పుడూ దుర్భిణి. బాబాయ్ అని పిలిచేది. ఆ పిలుపులో ఊరికే పని చేయించుకునే తియ్యదనం ఉండేది కాదు.

"నాకు ఇద్దరు గైడ్లు బాబాయ్" అని ఒకరోజు చెప్పుకుంది. "ఒకాయనకి పిట్టలు కావాలి, ఒకావిడకి మనుషులు కావాలి. ఆయనకి నచ్చింది ఆవిడకి నచ్చదు. ఇద్దరికీ నచ్చేది ఒక్కటి దొరికితే నేను బయటపడతాను."

"మా ఇంట్లో కూడా అంతేనమ్మా. నాకు నచ్చింది మా ఆవిడకి నచ్చదు. ఇద్దరికీ నచ్చేది దొరక్కుండానే ఇరవై ఆరేళ్ళు గడిచిపోయాయి."

ఆ అమ్మాయి పరిశోధన దక్షిణపు మూల గురించి. సరస్సు దక్షిణపు చివర జమ్ము గడ్డి మనిషెత్తున పెరిగి ఉంటుంది. వాన నెలల్లో బూడిదరంగు చిన్న పిట్ట ఒకటి ఆ జమ్ములో గూడు పెడుతుంది. ప్రపంచంలో ఇంకెక్కడా ఎక్కువగా మిగల్లేదట. అదే నాలుగు నెలలు మనుషులు ఆ చుట్టుపక్కల ఎంత తిరుగుతారో కూడా లెక్క కావాలి. పిట్టల లెక్కకు పెద్ద తిప్పలేం లేదు. ఎండాకాలంలోనే జమ్ములో కర్ర పాతి ఆ పిట్ట కూతను మాత్రమే పట్టే పెట్టె ఒకటి కట్టారు. అది తన మానాన తాను వింటుంది. మనుషుల లెక్కకు మాత్రం మనిషే వెళ్ళాలి.

సరిగ్గా ఆ నాలుగు నెలలే పిట్టలమ్మాయి పెద్ద క్యాంపస్‌లో కూర్చుని పాఠాలు వినాలి. ఆర్థికశాస్త్రం, చట్టాలు, గణాంకాలు. ఉమ్మడి చదువంటే అన్నీ ఉంటాయి మరి. వెళ్ళేముందు సరంగుకు అట్ట, దానికి బిగించిన షీట్ల కట్ట ఇచ్చింది. సరస్సు చుట్టూ ఆరు చోట్లు. వారానికి మూడు రోజులు. ఒక్కో చోటికి మూడు గడులు. పడవలెన్ని, వలలెన్ని, మనుషులెందరు.

"ఏ గడీ ఖాళీగా ఉంచొద్దు బాబాయ్. ఎప్పుడైనా వెళ్ళలేకపోతే అడ్డగీత పెట్టండి, చాలు."

"అడ్డగీతేంటి తల్లీ, నేను వెళ్ళకపోవడమేంటి" అన్నాడు సరంగు.

మొదటివారం, మొదటిరోజు. అయిదు చోట్లు గట్టు పక్కనే, సులువుగా అయిపోయాయి. దక్షిణపు మూలకు మాత్రం కేంద్రం రేవు నుంచి వెళ్ళాలంటే సరస్సు నడిమధ్యన అడ్డంగా దాటాలి. మోటారైతే పిట్టలు బెదురుతాయని కేంద్రం పడవలకు మోటార్లు పెట్టలేదు. గెడ అందనంత లోతు. తెడ్డు వేసుకుంటూ సగం దూరం పోయాక గాలి తిరిగింది. పక్కనుంచి ఒక అల వచ్చి పడవను అరచేతిలో పెట్టి ఆడించినట్టు ఆడించింది. అట్ట కాళ్ళ కిందికి జారింది. ఎగిరిపడ్డ నీళ్ళు తొడల దాకా తడిపాయి. సరంగు రెండు చేతులతో పడవ అంచును పట్టుకున్నాడు. తెడ్డు వేయాల్సిన చేతులు. ఎంతసేపు అలా ఉన్నాడో తెలియదు. గాలి తగ్గాక పడవ తిప్పి వెనక్కి వచ్చేశాడు.

అతనికి యాభై మూడేళ్ళు. పుట్టింది నీటి అంచున. తాను నీళ్ళకు భయపడ్డానని ఎవరికి చెబుతాడు?

ఆ రోజు దక్షిణపు మూల గడులు మూడింటికీ కలిపి ఒక అడ్డగీత పెట్టాడు. సాయంత్రం షీటు ఇస్తుంటే కేంద్రం గుమాస్తా కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"ఏంటి సరంగూ, మొదటిరోజే గీతా? జీతంలో కూడా ఇలాగే ఓ గీత పెట్టమంటావా?"

హాస్యానికే అన్నాడు. గుమాస్తా హాస్యం అలాగే ఉంటుంది, చెంపదెబ్బలాగా. సరంగు నవ్వాడు. రెండోరోజు మళ్ళీ రేవు చివరిదాకా పోయి, నడిమధ్య నీళ్ళు చూసి, మిగతా అయిదు చోట్లూ తిరిగి వచ్చాడు. షీటు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గీత పెడితే గుమాస్తా. అంకె వేస్తే అబద్ధం. కాసేపు ఆలోచించి మూడు గడులకూ కలిపి ఒక్క సున్నా చుట్టాడు. అయిదు పడవలని రాస్తే అది అబద్ధమవుతుంది. సున్నా అంటే ఏమీ అనకపోవడమే కదా అనుకున్నాడు. నేనేమీ చూడలేదు, అంతే.

తమ్ముడితో పాటు పేట నుంచి పోవచ్చు. పేట దక్షిణపు మూలకు దగ్గర. జమ్ము చాటు చాటునే గంటసేపు గెడ వేస్తే చేరిపోతారు, గాలి తగలదు. తమ్ముడు ఆ నెలల్లో రోజూ పోయేది అక్కడికే. పేటలో మగవాళ్ళు అందరూ పోయేది అక్కడికే. కానీ తమ్ముణ్ణి అడగాలి. అడిగితే ఎందుకో చెప్పాలి. అంతకన్నా సున్నా చుట్టడం తేలిక.

పండగ సెలవులు పోను పద్నాలుగు వారాలు. నలభై రెండు రోజులు. ఒక గీత, నలభై ఒక్క సున్నాలు. ఆ రోజుల్లో తమ్ముడు సాయంత్రాలు ఆకులో చుట్టిన చేపలు తెచ్చి వదిన చేతిలో పెట్టి పోయేవాడు. దక్షిణపు మూల చేపలు. ఆ సున్నాల్లో తక్కువలో తక్కువ ముప్ఫై సరంగు కంచంలోకే వచ్చాయి.

వానలు తగ్గుముఖం పట్టాక పిట్టలమ్మాయి తిరిగొచ్చింది. షీట్లు తిరగేసి, దక్షిణపు మూల దగ్గర ఆగింది.

"ఒక్క పడవ కూడా లేదా బాబాయ్?"

ఇప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. "గాలి బాగా ఉంటుందమ్మా అటు" అన్నాడు. గాలి ఉన్నమాట నిజమే.

ఆ అమ్మాయి ఊరికే నమ్మే రకం కాదు. మనుషుల సగం చదువు చెప్పే మేడం ఆమెకు ఇంకో పద్ధతి నేర్పింది. చూసింది ఒకటే చాలదు, అడిగి కూడా తెలుసుకోవాలి. రెండూ కలిస్తేనే నిజం. అందుకని ఇరవై పేజీల ప్రశ్నలు పట్టుకుని పేటలో గడప గడపకూ తిరిగింది. సరంగు వెంట నడిచాడు.

తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు ఎదురింటాయన కూడా వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. బీడీ ముట్టించుకుని, ఊరికే కూర్చున్నట్టు.

"వాన నెలల్లో చేపలకి ఎటువైపు వెళతారు మీరు?" అని అడిగింది పిట్టలమ్మాయి.

తమ్ముడు ఎదురింటాయన వైపు చూడకుండానే చూశాడు. ఆ పేటలో ఎవడూ తన వల ఎక్కడ వేస్తాడో చెప్పడు. అన్నకు తమ్ముడు చెప్పడు, తండ్రికి కొడుకు చెప్పడు. పడవ ఒడ్డుకు రాగానే చేపల మీద తడి వల కప్పేస్తారు. అందరూ దక్షిణపు మూలకే పోతారని అందరికీ తెలుసు. కానీ జమ్ములో ఏ సందులో, ఏ మలుపులో అన్నది ఎవడి గుట్టు వాడిది. పైగా కాగితం పట్టుకుని వచ్చినవాళ్ళకు చెప్పడం అంటే దండోరా వేయించినట్టే.

"వాన నెలల్లోనా? ఎక్కడికీ వెళ్ళమమ్మా" అన్నాడు తమ్ముడు. "వలలు బాగుచేసుకుంటాం. తింటాం. పడుకుంటాం."

"నాలుగు నెలలూ పడుకుంటారా?"

"మధ్యలో పక్కకి తిరుగుతాం."

ఎదురింటాయన పొగ వదులుతూ నవ్వాడు. తమ్ముడు అన్న వైపు చూసి కన్ను కొట్టాడు. పిట్టలమ్మాయి కూడా నవ్వి రాసుకుంది. తర్వాత ఎదురింటాయన ఇంటికి వెళితే ఆయనా పడుకుంటాననే చెప్పాడు. అరవై మూడు గడపలు, అరవై మూడు నిద్రలు. ప్రతి ఇంట్లో కింద సంతకమో వేలిముద్రో పెట్టించుకుంది.

తిరిగి వస్తుంటే ఆ అమ్మాయి ముఖం వెలిగిపోతోంది. "బాబాయ్, రెండు రకాలుగా వెతికినా ఒకే జవాబు. ఇలా కలవడం చాలా అరుదు తెలుసా. మా గైడ్లిద్దరికీ నచ్చేది దొరికేసింది."

సరంగు సైకిలు నడిపించుకుంటూ తల ఊపాడు. అయినా వీళ్ళు రాసుకునే పుస్తకం ఎవరు చదువుతారులే, పదకొండేళ్ళలో తొమ్మిది థీసిస్‌లు చూశాను, అన్నీ బీరువాలో ఉన్నాయి అని సర్దిచెప్పుకున్నాడు.

ఈసారిది బీరువాలోకి పోలేదు.

రెండు నెలల తర్వాత పేట వాళ్ళందరినీ మీటింగు హాలుకు పిలిచారు. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, బిస్కెట్లు. ముందు వరుసలో పిట్టల గైడు ప్రొఫెసరు, అటవీ శాఖ నుంచి వచ్చిన ఆఫీసరు. ఆఫీసరు టీ తాగుతూనే ఫోన్ చూసుకుంటున్నాడు. గోడ మీద సరస్సు పటం పడింది. దక్షిణపు మూల ఎర్రగా ఉంది.

పిట్టలమ్మాయి చక్కగానే చెప్పింది. పిట్ట వాన నెలల్లో ఇక్కడ గూడు పెడుతుంది. ఆ నెలల్లో మనుషులకు ఈ చోటుతో పని లేదు. కాబట్టి ఏటా ఆ నాలుగు నెలలు ఇక్కడికి పడవలు రాకుండా చేస్తే పిట్ట బతుకుతుంది, ఎవరి కూడూ పోదు. ఆఫీసరు ఫోన్ పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. ఎవరికీ నష్టం లేని ఉత్తర్వు దొరకడం ఆయన సర్వీసులో ఇదే మొదటిసారి కాబోలు.

కుర్చీల్లో గుసగుసలు. ఎవడూ లేవడు. లేచినవాడు ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. చివరికి సరంగు తమ్ముడు లేచాడు.

"అయ్యా, ఆ నెలల్లో మేం బతికేదే అక్కడ. మిగతా నీళ్ళలో గాలికి పడవ నిలబడదు."

ఆఫీసరు చిరునవ్వు నవ్వాడు. "సర్వేలో పడుకుంటామని సంతకం పెట్టారుగా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తమ్ముడు తల గోక్కున్నాడు. "అది ఊరికే అన్నమాటండి. చేపలు ఎక్కడ పడతామో ఎవరైనా చెబుతారా? నా మాట కాకపోతే మా అన్నని అడగండి. వారానికి మూడుసార్లు అక్కడి లెక్క రాసింది ఆయనే."

హాలు హాలంతా సరంగు వైపు తిరిగింది. అతను గోడ పక్కన, ప్రొజెక్టరు వైరు కాళ్ళకు తగలకుండా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ప్రొఫెసరు చాలా మర్యాదగా అన్నాడు. "మేం చూపిస్తున్నది మీ అన్నగారి లెక్కే." పిట్టలమ్మాయికి సైగ చేశాడు. గోడ మీద ఇంకో బొమ్మ పడింది. తేదీలు, గడులు. ఒక గీత, దాని కింద వరుసగా సున్నాలు. సరంగు చేతిరాత. సున్నా చుట్టాక చిన్న తోక వదలడం అతని అలవాటు. నలభై ఒక్క తోకలు గోడ మీద మనిషి తలకాయలంత పెద్దగా కనిపించాయి.

తమ్ముడు ఆ గోడను చూశాడు. అన్నను చూశాడు. ఏదో చెబుతాడని ఎదురుచూశాడు. సరంగు కుర్చీల వైపు చూశాడు. తెలిసిన మొహాలు నూరు, తెలియనివి నాలుగు. నేను వెళ్ళలేదు అనాలి. ఎందుకు వెళ్ళలేదు అంటారు. అంతమందిలో ఆ రెండో మాట అనాలి.

వైరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

తమ్ముడు కుర్చీ పక్కకు జరిపి బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం భార్య కంచం ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నువ్వు వెళ్ళలేదు కదూ" అంది.

"ఎవరు చెప్పారు?"

"నీ బట్టలు ఉతికేది నేనే. ఆ నాలుగు నెలల్లో నీ ప్యాంటు మోకాలి పైన తడిసింది ఒక్కరోజు. మొదటిరోజు. వెళ్ళి చెప్పు. ఏం కొరుక్కు తింటారా?"

పొద్దున్నే చెప్పాడు. కేంద్రంలో మధ్య గదిలో పిట్టలమ్మాయి కంప్యూటరు ముందుంది. తొమ్మిది రోజుల్లో వైవా. సరంగు గుమ్మం పట్టుకుని, కిందికి చూస్తూ, అల దగ్గర్నుంచి గుమాస్తా దాకా అంతా చెప్పేశాడు. స్క్రీను మీద రంగు రంగుల గీతలు ఆరిపోయి, నల్లగా అయింది.

"గీత పెట్టమన్నాను కదా బాబాయ్" అంది చివరికి. కోపం లేదు ఆ గొంతులో. కోపమైతే బాగుండేది.

"పెట్టాల్సిందమ్మా."

"మీరు ఒక్కమాట అంటే ఆ నలభై ఒకటీ తీసేసేదాన్ని. వెళ్ళలేను అంటే ఇంకొకర్ని పంపేదాన్ని."

"నువ్వు ఏమంటావో అని కాదు తల్లీ. నేను ఏమైపోతానో అని."

తనే ప్రొఫెసరు దగ్గరికి తీసుకెళ్ళింది. పెద్ద క్యాంపస్, మూడో అంతస్తు, గోడ నిండా పుస్తకాలు. ప్రొఫెసరు లేచి నిలబడి కుర్చీ చూపించాడు. సరంగు ఎప్పుడూ ఆ గదిలో కూర్చోలేదు. అంచు మీద కూర్చుని మళ్ళీ మొత్తం చెప్పాడు. రెండోసారి చెబుతుంటే తన కథ తనకే కల్పించినట్టు వినిపించింది.

"మీ నిజాయితీని మెచ్చుకుంటున్నాను" అన్నాడు ప్రొఫెసరు. "కానీ నా ఇబ్బంది చూడండి. మీరొక్కరే కాదు, అరవై మూడు కుటుంబాలు అదే చెప్పాయి. సంతకాలున్నాయి."

"వాళ్ళూ అబద్ధమే చెప్పారండి."

"మీరూ అబద్ధం రాశారు, వాళ్ళూ అబద్ధం చెప్పారు. ఇద్దరూ వేరువేరుగా, ఒకరికొకరు తెలియకుండా, ఒకే అబద్ధం. నమ్మమంటారా?"

నిజానికి జరిగింది అదే.

"ఇంకో సంగతి. నిన్న మీటింగులో మీ తమ్ముడు అభ్యంతరం చెప్పాడు. ఇవాళ మీరొచ్చి లెక్క తప్పంటున్నారు. బయటివాళ్ళు ఏమనుకుంటారు? నేను అలా అనుకోవడం లేదు. కానీ అంటారు." ఆయన కిటికీ వైపు చూశాడు. "మీ చేతిరాత మీద తొమ్మిది థీసిస్‌లు నిలబడి ఉన్నాయి. ఇది తప్పంటే అవన్నీ తప్పా? ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటున్నారు."

"అవన్నీ నిజమేనండి. ఒక్క ఇదే."

"నాకు తెలుసు" అన్నాడు ప్రొఫెసరు, చాలా మంచి గొంతుతో.

పిట్టలమ్మాయి నోరు తెరిచింది. ఆ లెక్క తీసేసి మళ్ళీ ఒక ఏడాది చేస్తానంది. స్కాలర్‌షిప్ అయిపోయింది కదమ్మా అన్నాడాయన. నివేదిక శాఖకు పోయింది, ఉత్తర్వు టైపు అవుతోంది. మరేం చేద్దామంటే, థీసిస్‌లో పరిమితులు అనే భాగం ఉంటుంది, అక్కడ ఒక వాక్యం పెడదాం అన్నాడు. ఆ వాక్యాన్ని అప్పటికప్పుడు ముగ్గురూ కూర్చుని రాశారు. ‘ప్రతికూల వాతావరణం కారణంగా కొన్ని పరిశీలనలు అసంపూర్ణం కావచ్చు.’ ఆ అమ్మాయి చదివి వినిపించి సరంగు వైపు చూసింది. ప్రతికూల వాతావరణమంటే తన భయమేనని అతనికి కాసేపటికి గానీ తట్టలేదు.

ఆ అమ్మాయి అక్కడితో వదల్లేదు, ఆ మాట చెప్పుకోవాలి. శాఖకు సొంతంగా ఉత్తరం రాసింది. జవాబొచ్చింది. నష్టపోయేవాళ్ళు ముప్ఫై రోజుల్లో రుజువులతో అభ్యంతరం పెట్టుకోవచ్చునని. నీళ్ళలో వేసి తీసిన వలకు రుజువేంటి? పేటవాళ్ళంతా కూర్చుని ఒక అర్జీ రాయించారు. దాంతో పాటు శాఖవాళ్ళు సర్వే కాగితాలు బయటికి తీశారు. అర్జీ మీద ఉన్న సంతకాలే సర్వే మీదా ఉన్నాయి.

తమ్ముడితో మాట్లాడటానికి సరంగుకు వారం పట్టింది. ఇంటి వెనక తమ్ముడు వల కన్నాలు కలుపుతున్నాడు. అన్న వచ్చి పక్కన కూర్చున్నా తల ఎత్తలేదు.

"ఏం సగం డాక్టరూ, పిట్టలు బాగున్నాయా?"

"నేను అక్కడికి ఒక్కరోజు కూడా రాలేదురా."

"తెలుసు. నేను రోజూ ఉన్నానుగా అక్కడ. నువ్వు వస్తే కనబడవా?"

సరంగు ఆశ్చర్యపోయాడు. "మరి అడగలేదేం?"

"ఉద్యోగం కదా. ఎక్కడో కూర్చుని రాసుకుంటున్నావులే, నాలుగు పడవలు, అయిదు పడవలు అని ఉజ్జాయింపుగా వేసుంటావులే అనుకున్నా. నేను రోజూ అక్కడే ఉంటానని నీకు తెలుసు. నీ ఇంట్లోకి చేపలిచ్చాను. సున్నా వేస్తావని ఎందుకనుకుంటా?"

"భయమేసింది. నడిమధ్యలో."

తమ్ముడి చేతిలో దారం ఆగింది. తిట్టినా, నవ్వినా సరంగు తట్టుకునేవాడే. రెండూ చేయలేదు.

"నేనూ పడుకుంటాననే చెప్పాగా" అన్నాడు మళ్ళీ వల అందుకుంటూ. "పైగా కన్ను కొట్టాను. సరే, నాకూ ఓ మాట చెప్పు. దక్షిణం పోయింది. వానలు మొదలైతే నేనెటు పోవాలి?"

"ఉత్తరం..."

"కేంద్రం రేవు. అక్కడ వల వేస్తే మీ గుమాస్తా మెడ పట్టుకుంటాడు."

"తూర్పున?"

"రాళ్ళు. వల వేస్తే పీలికలు వస్తాయి. నీకు తెలీదా?"

"ఇక్కడే, పేట ముందే వేసుకుంటే..."

"అరవై మూడు పడవలు ఒకే చోట వేస్తే చేపలు కాదన్నా, ఒకరి వలలు ఒకరికి దొరుకుతాయి."

ఇక మిగిలింది ఒకటే. దాన్ని ఇద్దరూ పైకి అనలేదు.

పిట్టలమ్మాయి వైవా బాగా జరిగింది. నల్లట్ట బైండు వేయించిన థీసిస్ ఒకటి తెచ్చి సరంగు చేతిలో పెట్టింది. మొదట్లోనే కృతజ్ఞతల పేజీ. అందులో అతని గురించి మూడు వరుసలున్నాయి. ఆయన లేకపోతే ఈ పరిశోధన ఫలితం వచ్చేదే కాదు అని. ఎప్పుడో రాసి ఉంటుంది, మార్చడానికి చేయి రాలేదేమో. వెళ్ళిపోయేటప్పుడు, "నేనేం చేయగలను చెప్పండి బాబాయ్" అంది. అడుగుతోందో, చెబుతోందో తెలియలేదు. "నువ్వేం చేస్తావు తల్లీ" అన్నాడు. ఎవరి బ్యాగు వాళ్ళు భుజానికి వేసుకున్నట్టు ఆ మాట చెరిసగం పట్టుకుని విడిపోయారు.

వానలు వచ్చాయి. దక్షిణపు మూల నోటి దగ్గర హద్దు చూపే ఎర్ర డబ్బాలు వరుసగా తేలుతున్నాయి. శాఖవాళ్ళ మోటారు పడవ ఒకటి రోజంతా అటూ ఇటూ తిరుగుతోంది. శాఖ పడవ మోటారుకు పిట్టలు బెదరవు కాబోలు. మొదటివారం పేటలో ఎవరూ పడవ దింపలేదు. సర్వేలో చెప్పినట్టే అందరూ ఇళ్ళల్లో పడుకున్నారు. రెండోవారం ఇద్దరు కూలిపనికి ఊళ్ళోకి పోయారు. మూడోవారం తెల్లవారాక సరంగు సైకిలు బయటికి తీస్తుంటే, ఒడ్డున తమ్ముడు పడవలో వల సర్దుతూ కనిపించాడు.

సైకిలు గోడకు ఆనించి కిందికి దిగాడు. గాలి అప్పటికే మొదలైంది. దూరంగా నడిమధ్య నీళ్ళు తెల్లతెల్లగా చిట్లుతున్నాయి.

"ఇవాళొద్దురా. గాలి చూడు."

"రేపు ఉండదా గాలి?"

"శాఖ వాళ్ళని ఇంకోసారి అడుగుదాం. నేనూ వస్తాను."

"నువ్వొచ్చి ఏం చెబుతావన్నా? నువ్వు చెప్పాల్సింది రాసిచ్చేశావుగా."

ఎగతాళి కూడా కాదది. మామూలుగా అన్నాడు, తెడ్డు అందుకోమన్నట్టు. సరంగు చేతిలో పడవ తాడు ఉంది. ఎప్పుడు పట్టుకున్నాడో తనకే తెలియదు. నేనూ ఎక్కుతాను అందామనుకున్నాడు. ఇద్దరుంటే పడవ బరువు నిలబడుతుంది, ఒకడు నీళ్ళు తోడొచ్చు. కాళ్ళు చీలమండల దాకా నీళ్ళలోకి వెళ్ళాయి. అక్కడే ఆగాయి. అతను చెప్పినా అవి వినలేదు.

తమ్ముడు ఆ కాళ్ళను చూశాడు. చూసి, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

"ఎనిమిదింటికి నీ డ్యూటీ. ఆలస్యమవుతుంది" అన్నాడు. "వదులన్నా."

సరంగు వదిలాడు.

గట్టు దారి పొడుగునా నీళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. సైకిలు తొక్కుతూ పక్కకి చూస్తే పడవ ఒకసారి పైకి లేచి కనిపించింది. తర్వాత అల కనిపించింది. మళ్ళీ పడవ, మళ్ళీ అల. ఆగి చూడాలనిపించింది. ఆగినా చేసేది ఏమీ లేదు. ఎదురుగాలికి తల వంచుకుని తొక్కుతూ పోయాడు.